మొదట సున్నా పెడితే కడదాకా సున్నానే

"సిస్టమ్‌లో అట్లే వచ్చింది, మా చేతిలో ఏం లేదు." ఈ మాట వినపడని ఊరు ఇయ్యాల లేదు. రేషన్ కానీ, పింఛన్ కానీ, వడ్ల లోడు ఏ మిల్లుకు పోవాలనేది కానీ, ఏది అడిగినా కౌంటర్ అవతలి మనిషి కంప్యూటర్ పక్క చెయ్యి చూపిస్తాడు. మనం కూడా లెక్క అంటే తిరుగుండదులే అనుకుని వెనక్కి వస్తాం.

నేను నంద్యాలలో డిగ్రీ పిల్లలకు లెక్కలు చెప్తాంటాను. మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. లెక్కకు తిరుగుండదనే మాట సగమే నిజం అని నా అభిప్రాయం. ఆ సగం ఏదో, మిగతా సగం ఏదో చూపించేకి ఒక లెక్క చెప్తాను. పంపకాల లెక్కల్లో అది చానా పేరున్నది. అన్ని సిస్టమ్‌లూ ఇదే వాడవు. కానీ దీన్ని నోటుబుక్కులో పెన్నుతో చేసుకోవచ్చు. ఇది ఎప్పుడు కుదురుతుందో, ఎప్పుడు కుదరదో తెలిస్తే, సిస్టమ్‌ను ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

మన్ను మోసే లెక్క

1781లో ఫ్రాన్సులో గాస్పార్ మోంజ్ అనే గణితవేత్త ఒక ప్రశ్న వేసినాడు. ఒకచోట మన్ను తవ్వుతారు, ఇంకోచోట కట్ట పోస్తారు. ఏ గుంత మన్ను ఏ కట్టకు మోస్తే మొత్తం మోత తక్కువవుతుంది? మన కేసీ కాలువను 1863-70 మధ్య తవ్వినారు. అట్లాంటి పనిలో ప్రతి తట్ట మన్నుకూ ఇదే ప్రశ్న ఉంటుంది. 1942లో రష్యాలో కాంటొరోవిచ్ దీన్ని ఇంకొంచెం సులువు చేసినాడు. ఒక గుంత మన్ను అంతా ఒకే కట్టకు పోవాలని ఏం లేదు, కొంత ఇటు కొంత అటు పోసుకోవచ్చు అన్నాడు. వనరుల పంపకం మీద చేసిన పనికి 1975లో ఆయనకూ కూప్‌మన్స్‌కూ కలిపి ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇది పాత కథేం కాదు. 2024 డిసెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం రేషన్ ధాన్యం రవాణాకు 'అన్న చక్ర' అనే పనిముట్టు తెచ్చింది. ఏ గోదాము నుంచి ఏ గోదాముకు, ఏ దారిన పోతే మోత తగ్గుతుందో అది చెప్తుంది. ఏటా 250 కోట్ల రూపాయలు ఆదా అవుతుందని ప్రభుత్వ అంచనా. దాంట్లో మోతను కొలిచేది క్వింటాల్-కిలోమీటర్లలో, అంటే ఎన్ని క్వింటాళ్లు ఎన్ని కిలోమీటర్లు కదిలినాయి అని. మోంజ్ తట్టల లెక్కా అదే కదా.

కుప్ప అంటే వడ్ల కుప్పే కానక్కర్లేదు. ఆళ్లగడ్డ పక్క పసుపు రైతుల్లో ఎకరాకు ఇంత దిగుబడి వచ్చినోళ్లు ఇంత మంది అని గీస్తే అదీ ఒక కుప్పే. లెక్కల్లో దాన్ని సంభావ్యతా పంపిణీ అంటారు. పోయినేటి కుప్పను ఈయేటి కుప్పగా మార్చేకి కనీసం ఎంత మోయాలో, అది ఆ రెండింటి మధ్య దూరం. ఒక ఫొటో రంగుల్ని ఇంకో ఫొటోకు ఎక్కించడం నుంచి కృత్రిమ మేధకు శిక్షణ ఇయ్యడం దాకా ఇప్పుడు ఈ దూరాన్నే వాడతాండారు.

నోటుబుక్కు తీయండి

శిరివెళ్ల పక్క 60 లోడ్ల వడ్లు, రుద్రవరం పక్క 40 లోడ్లు ఉన్నాయనుకుందాం. నంద్యాల మిల్లులకు 70 లోడ్లు, ఆళ్లగడ్డ మిల్లులకు 30 లోడ్లు కావాల. ఈ అంకెలు నేను సులువు కోసం పెట్టుకున్నవి.

నాలుగు గడుల పట్టిక గీయండి. అడ్డ వరుసలు ఊర్లు, నిలువు వరుసలు మిల్లులు. ప్రతి గడిలో ఆ దారి మీద మనకున్న ఇష్టం రాయండి. ఖర్చు ఎక్కువైతే ఇష్టం తక్కువ. శిరివెళ్ల రెండిటికీ మధ్యలో ఉంది కాబట్టి 1, 1 పెడదాం. రుద్రవరానికి ఆళ్లగడ్డ దగ్గర కాబట్టి నంద్యాలకు 1, ఆళ్లగడ్డకు 2 పెడదాం.

ఇంగ పని మొదలు. ముందు అడ్డ వరుసలు సరిచేయాల. శిరివెళ్ల 60ని 30, 30గా పంచండి. రుద్రవరం 40ని ఒకటికి రెండు చొప్పున పంచితే 13.33, 26.67. ఊర్ల లెక్క సరిపోయింది. కానీ నిలువుగా కూడితే నంద్యాలకు 43.33 మాత్రమే వచ్చింది, 26.67 లోడ్లు తక్కువ.

ఇప్పుడు నిలువు వరుసలు సరిచేయండి. నంద్యాల వరుసను 70 వచ్చేటట్టు 1.615తో గుణించండి. ఆళ్లగడ్డ వరుసను 30 వచ్చేటట్టు 0.529తో గుణించండి. మిల్లుల లెక్క సరిపోయింది. కానీ ఊర్ల లెక్క చెడింది. శిరివెళ్లకు 64.34, రుద్రవరానికి 35.66 వచ్చినాయి. మళ్లా అడ్డంగా సరిచేయండి. ఇప్పుడు నంద్యాలకు 69.35. తప్పు 0.65కు దిగింది. ఇంకో రౌండు తిప్పితే నంద్యాలకు 69.984. తప్పు 0.016.

26.67, 0.65, 0.016. ఒక్కో రౌండుకు తప్పు దాదాపు నలభయ్యో వంతుకు పడిపోతాంది. కడకు శిరివెళ్ల నుంచి నంద్యాలకు 45.5, ఆళ్లగడ్డకు 14.5, రుద్రవరం నుంచి నంద్యాలకు 24.5, ఆళ్లగడ్డకు 15.5 కాడ పట్టిక కదలకుండా నిలబడుతుంది. పుస్తకాల్లో దీన్ని అభిసరణ అంటారు. నేను కుదురుకోవడం అంటాను.

నులక మంచం బిగించినోళ్లకు ఇది తెలిసిన పనే. ఒక పక్క లాగితే ఇంకో పక్క వదులవుతుంది. అయినా వరుసగా రెండు మూడు సార్లు చుట్టి వస్తే మంచం అంతా బిగుస్తుంది. లెక్కల్లో ఈ పనికి సింక్‌హార్న్ పద్ధతి అని పేరు. రిచర్డ్ సింక్‌హార్న్ 1964లో దీని మీద సిద్ధాంతం రాసినాడు. అంతకు ముందే, 1940లో, డెమింగ్, స్టీఫన్ అనే ఇద్దరు అమెరికా జనాభా లెక్కల నమూనాలు సరిచేసేకి ఇదే పని చేసినారు. 2013లో మార్కో కుటూరి దీన్ని పెద్ద పెద్ద పంపిణీల మధ్య దూరం కట్టేకి వాడి చూపించినాక ప్రపంచమంతా ఎత్తుకుంది. కూడిక, గుణకారం, భాగాహారం తప్ప దీంట్లో ఇంకేం లేదు కాబట్టి కంప్యూటర్‌కు ఇది చానా సులువు.

ఎందుకు కుదురుతుంది?

మనం గుణించిన అంకెలు చూడండి. మొదటిసారి 1.615, 0.529. పెద్దది చిన్నదానికి మూడు రెట్లు. తర్వాత ఊర్లను సరిచేసిన అంకెలు 1.122, 0.932. పెద్దది చిన్నదానికి 1.2 రెట్లే. ఆ తర్వాత 1.009, 0.979. అంటే 1.03 రెట్లు. ఎడం ఎప్పటికప్పుడు ముడుచుకుంటాంది.

దీనికి కారణం సగటు. నంద్యాల వరుసను 1.615తో, ఆళ్లగడ్డ వరుసను 0.529తో గుణించినప్పుడు శిరివెళ్లకు రెండు వరుసల్లోనూ వాటా ఉంది. కాబట్టి దాని మొత్తం ఆ రెండు అంకెల సగటు మేరకే మారుతుంది. రుద్రవరమూ అంతే, వాటా వేరు కాబట్టి సగటు వేరు. సగటు ఎప్పుడూ పెద్దదానికీ చిన్నదానికీ మధ్యలోనే పడుతుంది. అందుకే ప్రతి మలుపులో ఎడం తగ్గాల్సిందే. 1957లో గారెట్ బిర్కాఫ్ ఈ ముడుచుకోవడానికి కొలత ఇచ్చినాడు. 1989లో ఫ్రాంక్లిన్, లోరెంజ్ దాన్ని ఈ పద్ధతికి పెట్టి, గడులన్నీ సున్నా కంటే పైనుంటే రౌండు రౌండుకూ ఒక స్థిరమైన వంతున తగ్గుతుందని నిరూపించినారు. మన పట్టికకు ఆ కొలత ప్రకారం ఎడం కనీసం 34వ వంతుకు తగ్గాల. మనకు అంతకంటే బాగానే తగ్గింది.

ఇంకో సంగతి. పట్టికలో ఒక మూల నుంచి ఇంకో మూలకు గుణించి, ఆ రెండో జత మూలల లబ్ధంతో భాగించండి. మొదట్లో 1×2ను 1×1తో భాగిస్తే 2. కడకు 45.5×15.5ను 14.5×24.5తో భాగించినా దాదాపు 2నే వస్తుంది. ఎన్ని రౌండ్లు తిప్పినా అది మారదు. అంటే మనం మొదట రాసిన ఇష్టాలను లెక్క ఎప్పటికీ మరిచిపోదు. వాటిని దిద్దదు కూడా. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఖర్చు పట్టింపు పెంచితే

మీలో చురుకైనోళ్లు అడుగుతారు: "ఇది తక్కువ ఖర్చు ఎట్లయితుంది సార్? రుద్రవరం వడ్లు 24 లోడ్లు దూరంగా నంద్యాలకు పోతాండాయి కదా?" నిజమే. అసలు తక్కువ ఖర్చు ఏందంటే, రుద్రవరం నుంచి ఆళ్లగడ్డకు 30, మిగిలిన 10 నంద్యాలకు, శిరివెళ్ల 60 మొత్తం నంద్యాలకు. మన పద్ధతి ఖర్చును కొంచెమే పట్టించుకుని, లోడ్లను కొంచెం చెదరగొట్టి పంచింది.

ఖర్చు మీద పట్టింపు పది రెట్లు పెంచుదాం. అప్పుడు 2 ఉన్న గడిలో పది రెండ్లను గుణించినంత, అంటే 1024 వస్తుంది. కుదురుకున్నాక శిరివెళ్లకు 59.8, 0.2, రుద్రవరానికి 10.2, 29.8 వస్తాయి. అసలు జవాబు పక్కకే వచ్చేసినాం. కానీ అక్కడికి చేరేది ఎంత నిదానమో చూడండి. నంద్యాల వరుసలో తప్పు మొదట 40, తర్వాత 19, తర్వాత 14, తర్వాత 12. నలభయ్యో వంతుకు పడే తప్పు ఇప్పుడు ఎద్దుల బండి మాదిరి నడుస్తాంది.

ఇదే ఈ పద్ధతిలో ఉన్న బేరం. పట్టింపు తగ్గిస్తే బిరబిరా కుదురుతుంది, కానీ జవాబు ఉజ్జాయింపు. పట్టింపు పెంచితే జవాబు పదునుగా ఉంటుంది, కానీ రౌండ్లు ఎక్కువ కావాల. మనకు ఎంత తప్పు పర్వాలేదో ముందే చెప్తే, పని పట్టిక సైజుకు దాదాపు దామాషాలోనే ఉంటుందని 2017లో ఆల్ట్‌షులర్, వీడ్, రిగోలే చూపించినారు. అయితే ఆ "ఎంత తప్పు పర్వాలేదు" అనేది లెక్క చెప్పదు. అది మనిషి తీసుకునే నిర్ణయం. ఎవరో ఒకరు రౌండ్లు చాలు అని ఆపేస్తారు. తొందరపడి ఆపితే పన్నెండు లోడ్లు అటూ ఇటూ అయి ఉంటాయి.

సున్నా గడి

ఇప్పుడు నేను చెప్పాల్సిన అసలు మాటకు వచ్చినాం.

రుద్రవరం నుంచి నంద్యాలకు దారి ఉంది. కానీ డేటా ఎక్కించేటప్పుడు ఎవరో ఆ గడి నింపలేదు, కంప్యూటర్ దాన్ని సున్నా అనుకుంది అనుకుందాం. ఇంగ ఆ గడిని 1.6తో గుణించు, వెయ్యితో గుణించు, లక్ష రౌండ్లు తిప్పు. సున్నా సున్నాగానే ఉంటుంది. ఈ పద్ధతికి గడిని గుణించడం తప్ప దానికి ఏమన్నా కూడడం రాదు. ఉన్నదాన్ని పెంచగలదు, తగ్గించగలదు. లేదని రాసినదాన్ని పుట్టించలేదు.

దాంతో ఏం జరుగుతుంది? రుద్రవరం 40 లోడ్లూ ఆళ్లగడ్డకే పోవాల. ఆళ్లగడ్డకు కావాల్సింది 30. ఊర్ల లెక్క సరిచేస్తే మిల్లులకు 60, 40 దిక్కుకు పోతుంది. మిల్లుల లెక్క సరిచేస్తే ఊర్లకు 70, 30 దిక్కుకు పోతుంది. శిరివెళ్లలో లేని పది లోడ్లు ఉన్నట్టు, రుద్రవరంలో ఉన్న పది లోడ్లు లేనట్టు చూపిస్తుంది. అటు సరిచేస్తే ఇటు, ఇటు సరిచేస్తే అటు. ఈ ఊగులాట ఎన్నాళ్లు తిప్పినా ఆగదు. సున్నాలున్నా కూడా ఎప్పుడు కుదురుతుందో, ఎప్పుడు కుదరదో 1967లో సింక్‌హార్న్, నాప్ కలిసి తేల్చినారు. సున్నా ఉన్నంత మాత్రాన లెక్క చెడిపోదు. ఉన్న దార్లలోనే మొత్తాలు సర్దుకోగలిగితే కుదురుతుంది. సర్దుకోలేకపోతే లేదు.

కాగితం మీద ఇది పది అంకె. కల్లంలో అయితే పది లోడ్ల వడ్లు, మబ్బు పడితే పట్ట కప్పుకుని రాత్రంతా కాపలా ఉండే మనిషి. లెక్క ఆగిన చోట మిల్లుల పక్క సరిచేసి ఆపినారా, ఊర్ల పక్క సరిచేసి ఆపినారా అనేదాన్ని బట్టి ఆ మనిషి పట్టికలో ఉంటాడో లేదో తేలుతుంది.

సర్వేల్లోనూ ఇదే కథ. ఫోన్లో వెయ్యి మందిని అడుగుతారు. వాళ్లలో పల్లె ఆడపిల్లలు తక్కువుంటే, జనాభా లెక్కతో సరిపోయేటట్టు వాళ్ల జవాబులకు బరువు పెంచుతారు. డెమింగ్, స్టీఫన్ చేసింది ఇట్లాంటి పనే. ఇద్దరుంటే ఆ ఇద్దరే వందల మంది తరఫున మాట్లాడతారు. ఒక్కరు కూడా లేకపోతే ఏ బరువూ వాళ్లను తేలేదు. సర్వే మాత్రం "సరిచేసినాం" అనే ముద్రతో బయటికి వస్తుంది.

రావుగారి పేరున్న దారి

మొత్తాలు కుదరనప్పుడు ఏం చేయాలనేదానికి కూడా దారి ఉంది. దాంట్లో మన పక్క మనిషి పేరు ఉంది.

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920లో హడగలిలో పుట్టినాడు. తెలుగు కుటుంబం. అప్పుడది బళ్లారి జిల్లా, మన దత్తమండలాల్లోదే. ఆ దత్తమండలాలకు రాయలసీమ అనే పేరు 1928లో వచ్చింది మా నంద్యాల సభలోనే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు పోయినాడు. 1945లో, పాతికేళ్లు నిండీ నిండకుండానే, రెండు సంభావ్యతా పంపిణీల మధ్య దూరం ఎట్లా కొలవాలో ఒక పేపర్ రాసినాడు. 2023లో ఆయనకు స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అదే ఏడు ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో కన్నుమూసినాడు.

మోంజ్ దూరం మన్నును మోస్తుంది, కానీ ఒక్క తట్ట కూడా పెరగకూడదు, తగ్గకూడదు. రావుగారి దూరం మోయదు, ఉన్నచోటే కుప్ప పెరగడాన్నీ తగ్గడాన్నీ కొలుస్తుంది. 2015 ప్రాంతంలో కొందరు గణితవేత్తలు ఈ రెండిటినీ కలిపినారు. దాన్నే వాసర్‌స్టీన్-ఫిషర్-రావు దూరం అంటారు. మోయగలిగినంత మోయి, కుదరనిదాన్ని "ఇక్కడ ఇంత మిగిలింది, ఇక్కడ ఇంత తక్కువైంది" అని ఖరీదు కట్టి చూపించు అంటుంది అది. సింక్‌హార్న్ రౌండ్లను కొంచెం మారిస్తే ఇదీ చేసుకోవచ్చు. ఇట్లా చేస్తే ఆ పది లోడ్లు మాయం కావు. మిగిలినాయని పట్టికలోనే కనపడతాయి. నాకు ఇది ఎక్కువ నిజాయితీ ఉన్న లెక్క అనిపిస్తుంది.

మనం అడగాల్సింది

లెక్కకు తిరుగుండదనేదాంట్లో నిజమైన సగం ఇది: గడులన్నీ నిండి ఉంటే, మొత్తాలు సరిపోతే, ఎవరు తిప్పినా, ఏ కంప్యూటర్ తిప్పినా ఒకే జవాబుకు చేరుతుంది. దాంట్లో పక్షపాతం లేదు, పైరవీ లేదు. నిజం కాని సగం ఏందంటే, కుదురుకుందంటే న్యాయంగా ఉందని అర్థం కాదు. ఇచ్చిన మొత్తాలకు, ఇచ్చిన ఇష్టాలకు సరిపోయిందని మాత్రమే అర్థం. మొత్తాలు ఇచ్చింది మనుషులు. ఖర్చు రాసింది మనుషులు. సున్నా పెట్టింది కూడా మనుషులే.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఎవరైనా "సిస్టమ్‌లో అట్లే వచ్చింది" అంటే, సిస్టమ్ తప్పా ఒప్పా అని గొడవకు దిగొద్దు. నాలుగు మాటలు అడగండి. మా ఊరి వరుసలో మొత్తం ఎంత రాసినారు? ఖర్చు దేంతో కొలిచినారు, కిలోమీటర్లతోనా, రైతు ఎదురుచూసే రోజులతోనా? ఎంత తప్పు కాడ ఆపినారు? సున్నా ఉన్న గడులు ఏవి, అవి దారి లేక సున్నానా, ఎవరూ నింపక సున్నానా?

నాలుగో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. మిగతా మూడింట్లో తప్పుంటే అంకె కొంచెం అటూ ఇటూ అవుతుంది. సున్నాలో తప్పుంటే ఊరే లేకుండా పోతుంది.

ఈ రాత్రి ఫోన్లో ఎక్సెల్ షీటు తెరిచి ఆ నాలుగు గడులు పెట్టి చూడండి. మూడు రౌండ్లు చాలు. తర్వాత ఒక గడిలో సున్నా పెట్టి మళ్లా తిప్పండి. నేను ఇంత పొడుగు రాసింది మీకు మూడు నిమిషాల్లో అర్థమవుతుంది.